టైను నది వెంట పదకొండు మైళ్ళు

ఉగాది సభలో పులిహోర వడ్డిస్తూ వడ్డిస్తూ మన సంపాదకులు గారు నా విస్తరి దగ్గర ఆగి, "ఏమండీ డాక్టరు గారూ, మీరు పరుగులు పెడుతున్నారట, నిజమేనా? అదేదో మన పత్రికకు వ్రాయకూడదూ?" అన్నారు. అప్పటికి నేను పెట్టే పరుగు మూడు మైళ్ళు. మూడు మైళ్ళ గురించి ఏం వ్రాస్తాంలే అని ఊరుకున్నాను. ఇప్పుడు ఆగస్టు నడుస్తోంది. మొన్న శనివారం పదకొండు మైళ్ళు పరుగెత్తాను గనుక వ్రాసే అర్హత కొంత వచ్చిందనుకుంటున్నాను. సెప్టెంబరులో పదమూడు మైళ్ళు పరుగెత్తాలి. "అదేదో అయ్యాకే వ్రాయవచ్చుగా" అన్నారు మావారు. అయ్యాక వ్రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. పూర్తి చెయ్యలేకపోతే వ్రాయబుద్ధి కాదు. అందుకని ఇప్పుడే వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేను ఆటలు ఆడిన మనిషిని కాను. తెనాలిలో మా బళ్ళో డ్రిల్లు పీరియడు వచ్చిందంటే మగపిల్లలు ఆటస్థలానికీ, మేము వేపచెట్టు కిందికీ పోయేవాళ్ళం. తరువాత గుంటూరు మెడికల్ కాలేజీ. ఆ రోజుల్లో నేను పరుగెత్తానంటే అది తెనాలి స్టేషనులో కదిలిపోతున్న బండి కోసమే. ప్లాబ్ పరీక్ష వ్రాసి ఈ దేశం వచ్చి ఏడేళ్ళయింది. న్యూకాసిల్‌లో ఒక ఆసుపత్రి, అందులో వృద్ధుల వార్డులో పని. ఏడేళ్ళకు నాకు తెలిసిన న్యూకాసిల్ ఎంతంటే ఇల్లు, ఆసుపత్రి, పాప నర్సరీ, సరుకుల కొట్టు, గుడి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కారు అద్దంలోంచి కనబడే వాన. మీలో చాలామందికి మీ ఊళ్ళు ఇంతకంటే బాగా తెలుసునని నేననుకోను. తెలిస్తే క్షమించండి.

ఇక అసలు సంగతి. నాలుగేళ్ళ క్రితం పాప కడుపులో ఉన్నప్పుడు నాకు షుగరు వచ్చింది. కాన్పు కాగానే పోయింది. పోయింది గాని, గర్భంతో ఉన్నప్పుడు అలా వచ్చి వెళ్ళినవాళ్ళకు ఆ తరువాత అసలు మధుమేహం వచ్చే అవకాశం తక్కినవారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకని ఏడాదికోసారి హెచ్.బి.ఏ.1.సి. అనే రక్తపరీక్ష చేయించుకోమని చెబుతారు. చెబుతారేమిటి, నేనే చెబుతాను. చెప్పిన మనిషిని మూడేళ్ళపాటు చేయించుకోలేదు. ఈ జనవరిలో చేయించుకుంటే 46 వచ్చింది. ఇక్కడి లెక్కలో 42 కంటే తక్కువైతే మామూలు, 48 నుంచి మధుమేహం. ఆ మధ్యది గుమ్మం. నేను గుమ్మం మీద నిలబడి ఉన్నానన్నమాట, అదీ ఇంట్లో వైపు కాకుండా వీధి వైపు.

నర్సు ఫోను చేసి, మధుమేహం రాకుండా చూసే ఎన్.హెచ్.ఎస్. కార్యక్రమం ఒకటుంది, నా పేరు పంపనా అని మర్యాదగా అడిగింది. ఆ కార్యక్రమానికి వారానికి ఇద్దరినో ముగ్గురినో పంపేదాన్ని నేనే. "నేను లావు లేనుగదా" అన్నాను, అచ్చం నా రోగులు అన్నట్టే. బరువును ఎత్తుతో లెక్కగట్టే ఆ సంఖ్య నాకు 24.6. తెల్లవాళ్ళకైతే 25 దాకా ఫరవాలేదు. మన దక్షిణాసియా వాళ్ళకు 23 దగ్గరే గీత గీస్తారు, ఎందుకంటే మన కొవ్వు పైకి కనబడకుండా పొట్ట లోపల చేరి కూచుంటుంది. ఇది నాకు తెలియదా? పరీక్షల్లో వ్రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

మా నాన్నగారికి నలభయ్యో ఏట వచ్చింది. అరవై నిండకుండానే మూత్రపిండాలు పోయి, వారానికి మూడుసార్లు కారు మాట్లాడుకుని డయాలిసిస్‌కు గుంటూరు తీసుకువెళ్ళేవాళ్ళం. ఆ కథ ఇక్కడ అక్కరలేదు. నాకిప్పుడు ముప్ఫయ్యారు అని మాత్రం చెబుతాను.

ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు పరుగు అంటే ఒక్కటే, గ్రేట్ నార్త్ రన్. బ్రెండన్ ఫాస్టర్ అని ఈ ప్రాంతపు మనిషే, 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో పదివేల మీటర్ల పరుగులో కంచుపతకం తెచ్చుకున్నాడు. న్యూజిలాండు వెళ్ళినప్పుడు ఆక్లాండులో ఊరు ఊరంతా కలిసి పరుగెత్తే ఒక పండుగ చూసి, అలాంటిది మన ఊళ్ళో ఎందుకుండకూడదని 1981లో దీన్ని మొదలుపెట్టాడు. మొదటి ఏడు పన్నెండు వేలమంది పరుగెత్తారు. ఇప్పుడు అరవై వేలకు దగ్గర. న్యూకాసిల్ మధ్యలో మోటారు రోడ్డు మీద బయలుదేరి, టైను వంతెన దాటి, గేట్స్‌హెడ్ మీదుగా సౌత్ షీల్డ్స్ సముద్రపు ఒడ్డున ఆగుతారు. పదమూడు మైళ్ళ చిల్లర. ఆ చిల్లర ఎందుకంటే, 1908 లండను ఒలింపిక్సులో మారథాను విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో ముగిస్తే లెక్క 26 మైళ్ళ 385 గజాలకు వచ్చింది, తరువాత 1921లో అదే ఖాయం చేశారు. అందులో సగం మాకు. జనవరిలో, ఆ ఫోను వచ్చిన వారంలోనే, లాటరీలో పేరు వేశాను. నాకు లాటరీలు తగలవనే ధైర్యంతో వేశాను. తగిలింది.

మొదలుపెట్టడం ఎలాగో తెలియక, నేనే అందరికీ చెప్పే ఎన్.హెచ్.ఎస్. వారి తొమ్మిది వారాల పాఠం ఫోనులో పెట్టుకున్నాను. వారానికి మూడు రోజులు. మొదటి వారం ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, అలా ఇరవై నిమిషాలు. ఒక్క నిమిషమే గదా అంటారు. మీరు పరుగెత్తి చూడండి. నాలుగో నిమిషానికి నాకు తెలిసిన శరీరశాస్త్రమంతా ఒక్కొక్క కండరంగా నొప్పి పెట్టింది. ఐదో వారంలో ఒకరోజు హఠాత్తుగా ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తమంటుంది ఆ గొంతు. ఆ రోజు నేను ఆగలేదు. ఎలా ఆగలేదో ఇప్పటికీ అర్థం కాదు.

మేముండేది గోస్ఫోర్త్. ఊరికీ మాకూ మధ్య టౌన్ మూర్ అని వెయ్యి ఎకరాల మేతబీడు ఉంది. నగరం నడిబొడ్డున ఇంత బీడును ఎవరూ ముక్కలు చేసి అమ్ముకోలేకపోవడానికి కారణం ఆవులు. 'ఫ్రీమెన్' అనే పాతకాలపు పౌరులకు అక్కడ ఆవులు మేపుకునే హక్కు వందల ఏళ్ళుగా వస్తోంది, ఇప్పటికీ నడుస్తోంది. నేను మొదలుపెట్టింది జనవరి చివర గనుక ఆవులు లేవు. ఉన్నదల్లా చీకటి, గాలి, కంటికి కనపడకుండా బాట మీద పరుచుకున్న మంచు. మన ఊరు భూమధ్యరేఖకు యాభై అయిదు డిగ్రీల పైన ఉంది. ఆ రోజుల్లో పొద్దు పొడిచేది ఎనిమిది దాటాక, కుంగేది నాలుగున్నర లోపే. వార్డుకు వెళ్ళేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడు చీకటి. తలకు దీపం కట్టుకుని, పచ్చగా మెరిసే కోటు తొడుక్కుని, నేను పరుగెడుతుంటే ఎదురుగా వచ్చే కుక్కలకు నేనంటే భయం, నాకు వాటంటే భయం.

కొత్తగా పరుగెత్తేవాళ్ళు చేసే తప్పు ఒక్కటే, వేగం. పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పోవాలి, ఆయాసం వస్తే తగ్గించాలి. నాకు పక్కవాళ్ళు లేరు. అందుకని తెనాలికి అమ్మకు ఫోను చేసేదాన్ని. వేసవి గడియారం మారాక ఇక్కడ ఆరున్నర అంటే అక్కడ పదకొండు, అమ్మ వంట ముగించుకుని కూచునే వేళ. "ఎవరే నిన్ను తరుముతున్నది?" అంది మొదటిరోజు. ఆ తరువాత అమ్మే నాకు కొలబద్ద అయింది. నా గొంతులో ఎగశ్వాస వినబడిందంటే చాలు, "ఆగు, ఆగు, నీళ్ళు తాగు" అనేది. వేగం తగ్గించేదాన్ని. వేలు ఖరీదు చేసే గడియారాలు కొనుక్కుంటారు జనం ఇందుకోసం.

అమ్మకు నేను 46 సంగతి చెప్పలేదు. మే నెలలో ఒకరోజు ఊళ్ళో కబుర్లన్నీ అయిపోయాక, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "మీ నాన్న కాళ్ళు వాచినప్పుడు నేను మొదట చెప్పులు బిగుతయ్యాయనుకున్నానే" అంది. నేను ఏమీ అనలేదు. "నీకెంతుంది?" అంది. చెప్పాను. అమ్మకు ఆ అంకెలు తెలియవు. గుమ్మం సంగతి చెప్పాను. "సరే. మెల్లగా పరుగెత్తు. ఫోను పెట్టెయ్యకు" అంది.

ఏప్రిల్‌లో కొవ్వూరు నుంచి మా అత్తయ్యగారు ఆరు నెలలుండేందుకు వచ్చారు. అదే నెలలో టౌన్ మూర్ మీదికి ఆవులూ వచ్చాయి. ఆవిడకు మొదటి నాలుగు రోజులు ఈ ఊళ్ళో ఏమీ నచ్చలేదు. టైను నదిని చూపిస్తే "మా గోదావరి ముందు ఇదెంత, పంటకాలవ" అన్నారు. ఆవులను చూశాక ధోరణి మారింది. శనివారం పొద్దున నేను పరుగెడుతుంటే ఆవిడ నడకబూట్లు, చీర మీద మావారి చలికోటు వేసుకుని ఆవుల దగ్గర్నుంచి ఆవుల దగ్గరికి నడిచేవారు. పాలిచ్చేవి ఏవో, చూడివి ఏవో చెప్పేవారు. ఒకరోజు బాట పక్కన బెంచీ మీద కూచున్న పెద్దమనిషి నన్ను చూసి "హవే, పెట్!" అని కేకేశాడు. "హవే" అంటే ఇక్కడి యాసలో "పద, పద" అని. ఇంటికి వచ్చాక అత్తయ్య అడిగారు, "ఎవరమ్మాయీ ఆ ముసలాయన, ముక్కూ మొహం తెలియనివాడు, నిన్ను రావే పోవే అంటాడేమిటి?" అని. నేను నవ్వలేక చచ్చాను. ఇప్పుడు ఆవిడే నన్ను ఆలస్యమైతే "హవే" అంటున్నారు.

మేలో తప్పు చేశాను. వారానికి కొంచెం కొంచెం చొప్పున, పదో వంతు కంటే మించకుండా పెంచుకోవాలని అందరూ చెప్పేదే. పాత కీళ్ళకు వర్తించే నియమం నాకెందుకనుకున్నాను. ఐదు నుంచి ఒక్కసారి ఎనిమిది మైళ్ళకు వెళ్ళాను. మర్నాడు రౌండ్సులో మోకాలి కింద ముందు ఎముక వెంట నిప్పు పెట్టినట్టుంది. మా వార్డు ఫిజియోథెరపీ అమ్మాయి నా నడక చూసి, ఏమీ అడగకుండా వేలితో నొక్కి చూసి, "ఇది మీ రోగికి వస్తే ఏం చెబుతారు?" అంది. రెండు వారాలు పరుగు లేదు. ఆ రెండు వారాల్లో నేను ఇంట్లోవాళ్ళ మీద ఎంత విసుక్కున్నానో మావారిని అడగండి. కుంటుకుంటూనే నదీతీరానికి వెళ్ళి కూచునేదాన్ని.

ఆ కూచోవడం మంచిదైంది. టైను వంతెన కింద అంతసేపు కూచున్నవాళ్ళు తక్కువమంది ఉంటారు. 1928లో ఐదవ జార్జి తెరిచిన వంతెన అది. దాన్ని కట్టిన కంపెనీయే సిడ్నీ రేవు వంతెన కూడా కట్టింది. 2024 నుంచి దానికి పెద్ద మరమ్మతు మొదలుపెట్టారు. ఆ ఇనుప దూలాల మీద కిట్టివేక్ అనే సముద్రపు పక్షులు గూళ్ళు పెడతాయి. కొండ అంచుల మీద, కెరటాల పైన కాపురముండే జాతి అది. ప్రపంచంలో ఎక్కడా సముద్రానికి ఇంత ఎడంగా, ఊరి మధ్యకు వచ్చి పిల్లలు పెట్టవట. తమ పేరును తామే అరుచుకుంటూ ఉంటాయి. కింద పేవుమెంటు అంతా రెట్ట, చేపల కంపు. ఊరివాళ్ళు ముక్కు మూసుకుంటారు గాని ఎవరైనా వాటిని తరిమేస్తామంటే పోట్లాటకు వస్తారు. ఆగస్టు వచ్చేసరికి అట్లాంటిక్ మీదికి ఎగిరిపోతాయి, మళ్ళీ వసంతంలో అదే దూలం మీదికి వస్తాయి. వలస వచ్చినవాళ్ళను ఈ ఊరు ఏమనుకుంటుందన్నది వంతెన కింద నిలబడి చూసుకోవచ్చు.

జూలైలో రక్తపరీక్ష మళ్ళీ చేయించాను. 43. తగ్గింది, కాని ఇంకా గుమ్మం మీదే. కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టేదాకా కాచుకోదు, తానే తలుపు తీసి రక్తంలో చక్కెరను లోపలికి తీసుకుంటుంది. అందుకే భోజనమైన తరువాత పది నిమిషాల నడక కూడా ఊరికే పోదు. కాని మూడు మైళ్ళు పరుగెత్తి వచ్చి మూడు గరిటెల అన్నం ఎక్కువ వడ్డించుకుంటే లెక్క మొదటికే వస్తుంది. ఈ మూడో గరిటె సంగతి నేను ఏప్రిల్ దాకా ఒప్పుకోలేదు.

వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. యౌవనమంతా ఓడల కర్మాగారంలో పనిచేసినవాడు. నేను నది వెంట పరుగెడతానని నర్సులు చెప్పారు కాబోలు, "ఎటు పోతావు?" అని అడిగాడు. ఉత్తరపు ఒడ్డున వాల్స్ఎండ్ దాకా వెళ్ళి వెనక్కు వస్తానన్నాను. "వెనక్కెందుకు? సొరంగం ఉందిగా, నది కిందనుంచి అవతలికి పో" అన్నాడు. సొరంగం కార్లకు గదా అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. పదిహేనో ఏట నుంచీ ఆయన సైకిలు నడిపించుకుంటూ రోజూ దాటిన సొరంగం వేరు. నడిచేవాళ్ళకు ఒకటి, సైకిళ్ళకు ఒకటి, 1951లో తెరిచారు, ఓడల పనివాళ్ళ కోసమే. మంచి రోజుల్లో దినానికి ఇరవై వేలమంది అందులోంచి పోయేవారట. ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ దాని పేరు వినలేదు నేను.

అలా కుదిరింది మొన్నటి శనివారం దారి. పొద్దున ఏడింటికి వంతెన కింద బయలుదేరాను. వంతెన మీద గూళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఎడమకు ఊజ్‌బర్న్ వాగు కలిసే చోటు దాటితే ఊరి సందడి వెనకబడుతుంది. వాకర్ వైపు చెట్లు, ముళ్ళపొదలు, వాటి సందుల్లోంచి నది. అవి చూసి ఇక్కడ ఒకప్పుడు పగలూ రాత్రీ సుత్తి దెబ్బలు వినబడేవంటే నమ్మబుద్ధి కాదు. నాలుగు మైళ్ళు దాటాక వాల్స్ఎండ్. పేరులోనే ఉంది, గోడ చివర అని. రోమను చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 122లో మొదలుపెట్టించిన గోడ ఈ చివర నుంచి పడమటి తీరం దాకా 73 మైళ్ళు. కోట పునాదులకు ఎదురుగానే స్వాన్ హంటర్ ఓడల కార్ఖానా ఉండేది. టైటానిక్ మునిగినప్పుడు పడవల్లో ఉన్నవాళ్ళను ఎక్కించుకున్న కార్పేథియా అక్కడ 1902లో నీళ్ళలోకి దిగింది. అవతలి ఒడ్డున కనబడేది హెబ్బర్న్, బ్రెండన్ ఫాస్టర్ పుట్టిన ఊరు. అక్కడ ఒక చిన్న అరటిపండు తిన్నాను. చరిత్ర గొప్పదే, కాని ఐదో మైలులో అరటిపండు ఇంకా గొప్పది.

సొరంగంలోకి లిఫ్టులో దిగాను. మీగడరంగు, ఆకుపచ్చ పెంకులు అతికిన గుండ్రటి గొట్టం, 270 మీటర్లు. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. నేనొక్కదాన్నే. పరుగెత్తకుండా నడిచాను. మధ్యలో గోడ మీద ఒకవైపు నార్తంబర్లాండ్, ఒకవైపు డరమ్ అని పాత జిల్లాల సరిహద్దు గుర్తు ఉంది, నది నడిమధ్య, నీళ్ళ అడుగున. తెల్లవారుజామున వేలమంది పనివాళ్ళ బూట్ల చప్పుడు ఇందులో ఎలా మోగేదో అనుకున్నాను. సోమవారం వార్డుకు వెళ్ళి పెద్దాయనకు చెబితే అడిగినదొక్కటే, "చెక్కమెట్ల ఎస్కలేటర్లు ఉన్నాయా?" అని. రెండు ఉంచారు, కాని కదలవు, చూడడానికే అన్నాను. "నాలాగే" అన్నాడు.

బయటికి వస్తే జారో. ఈ ఊళ్ళో ఓడల కార్ఖానా మూతబడి మగవాళ్ళకు పనులు పోతే, 1936 అక్టోబరులో రెండువందల మంది అర్జీ పెట్టె ఒకటి పట్టుకుని లండనుకు కాలినడకన బయలుదేరారు. దాదాపు మూడువందల మైళ్ళు. ఆ నడకలో వాళ్ళ వెంట వైద్య విద్యార్థులు కూడా ఉండి కాళ్ళ బొబ్బలకు కట్లు కట్టారని చదివినప్పుడు నాకు మిగతా చరిత్ర కంటే అదే మనసుకు తగిలింది. అర్జీ వల్ల అప్పటికి ఏమీ ఒరగలేదు. నా కుడి బొటనవేలి మీద అప్పటికే ఒక బొబ్బ లేచింది, మంచి బూట్లలో, తారు బాట మీద, ఏడు మైళ్ళకే.

సెంట్ పాల్ చర్చి పక్కనుంచి పోతుంది దారి. దాని ప్రతిష్ఠా శిల మీద సంవత్సరం 685. బీడ్ అనే సన్యాసి అక్కడి మఠంలో కూచునే ఇంగ్లీషువాళ్ళ మొదటి చరిత్ర వ్రాశాడు. ఆ తరువాతి రెండు మైళ్ళ గురించి వ్రాయడానికి పెద్దగా లేదు. గిడ్డంగులు, రేవులో ఓడ ఎక్కడానికి వరసలు తీరిన కొత్తకార్లు, ఎదురుగాలి. తొమ్మిదో మైలు దగ్గర నేను నడిచాను. ఎంతసేపు నడిచానో చెప్పను. సైకిలు మీద పోతున్న ఒకావిడ వెనక్కు తిరిగి "హవే!" అంది, మళ్ళీ పరుగెత్తాను.

సౌత్ షీల్డ్స్‌లో కొండ మీద ఆర్బియా అనే రోమను కోట గుమ్మం దగ్గర మావారు, పాప, అత్తయ్య కాచుకుని ఉన్నారు. పదకొండు మైళ్ళు, రెండు గంటల పన్నెండు నిమిషాలు. గోడ మీద కూచుని నీళ్ళు తాగి, నాలుగు ముద్దలు పులిహోర తిని, కాళ్ళు కదిలాక లోపలికి వెళ్ళాం. అక్కడ ఒక సమాధిరాయి ఉంది. 1878లో ఈ ఊళ్ళోనే దొరికింది. సిరియాలో పల్మైరా నుంచి ఇంతదూరం వచ్చిన బరాతెస్ అనే అతను, తాను బానిసత్వం నుంచి విడిపించి పెళ్ళాడిన రెజీనా కోసం చెక్కించినది. ఆవిడ ఇక్కడి దక్షిణపు తెగల పిల్ల. ముప్ఫయ్యో ఏట పోయింది. కుర్చీలో కూచుని ఉంది, ఒళ్ళో కదురు, పక్కన ఉన్ని ఉండల బుట్ట, నగల పెట్టె. మొహం మాత్రం చెదిరిపోయింది. రాయి మీద లాటిన్‌లో వ్రాసింది సర్కారు భాష గనుక. అందులో తప్పులున్నాయట. దాని కింద చివరి వరుస అతని సొంతభాషలో, సొంత లిపిలో. ఆవిడ పేరు, తన పేరు, అయ్యో అన్నట్టు ఒక మాట. ఆ వరుస చెక్కిన చెయ్యికి మాత్రం తడబాటు లేదంటారు. ఆ రోజుల్లో ఈ తీరాన ఆ లిపి చదవగలిగినవాళ్ళు ఎందరుండి ఉంటారు? మావారు ఆ వరుస ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఏం జబ్బు చేసిందమ్మా ఈ పిల్లకు?" అన్నారు అత్తయ్య.

"వ్రాయలేదండీ."

"వ్రాసి ఉంటే నువ్వు చెప్పేదానివి" అన్నారు ఆవిడ, తప్పంతా రాయిదే అన్నట్టు.

బయటికి వచ్చి కారు దగ్గర అత్తయ్య సంచీలోంచి తన షుగరు మిషను తీశారు. ఆవిడకు పద్దెనిమిదేళ్ళుగా ఉంది, మాత్రలు వేసుకుంటారు. మాత్ర వేసుకుని పరగడుపున ఎక్కువ నడవవద్దని మాత్రం నేను రోజూ పోరుతాను, షుగరు మరీ పడిపోతుంది. ముందు తన వేలు గుచ్చుకున్నారు. తరువాత నా వంక చెయ్యి చాపారు. కొవ్వూరులో కొన్న మిషను గనుక అంకెలు మన పద్ధతిలో వస్తాయి, ఇక్కడి పద్ధతికి పద్దెనిమిదితో భాగించాలి. నాది 104, అంటే 5.8. ఆవిడది 171.

అంకె చూసి, మిషను మూత పెట్టి, ఆవిడ కొండ దిగువన ఇసుక వంక చూశారు. సముద్రం వెనక్కు పోయి ఉంది. పాప అప్పటికే బూట్లు విప్పేసింది.

"నీ కాళ్ళు ఇంకా పనిచేస్తాయా?" అన్నారు.

కొంచెం పనిచేస్తాయన్నాను.

"అయితే ఆ చివర కనబడే స్తంభం దాకా పోయి వద్దాం, పద" అని చెప్పులు చేతబట్టుకుని ముందుకు నడిచారు.